రెండో తెరకు పంపిన పేరు

కుప్పం నుంచి వచ్చిన మునిరత్నం చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఆసుపత్రి ఇనుప మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. వేలి కొసన గుచ్చి చుక్క రక్తం తీసుకెళ్ళిన ల్యాబ్ అమ్మాయి ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, ఇంకో వేలు గుచ్చింది. మళ్ళీ వెళ్ళి వచ్చి, పక్కనే నిలబడిన మండీ మేస్త్రీతో, "ఈయనది ఓ పాజిటివన్నా. మనకు కావాల్సింది నెగెటివ్" అంది.

మేస్త్రీ తన చేతిలోని ఫోను ఆ అమ్మాయి ముఖం ముందు పెట్టాడు. "ఈడ సూడమ్మా. నెగెటివ్ అని నొక్కితేనే గదా ఈయప్ప పేరొచ్చింది?"

"దాంట్లో ఏముంటే నాకేమన్నా, రక్తంలో లేదు."

మేస్త్రీ మంచం వైపు తిరిగాడు. "ఏమప్పా, నీ రక్తమేందో నీకు తెలీదా?"

మునిరత్నం లేచి కూర్చున్నాడు. "క్యాంపులో ఓ అన్యారు. దాని ఎనక ఏముండాదో నాకేం తెలుసు? నువ్వే ఫోన్ సేసి ఓ నెగెటివ్ గదా అంటివి. అంత పెద్ద ఫోన్లో ఉంటే అట్లే ఉంటాది అనుకున్యా. లారీ ఆడనే వదిలేసి, ఎవురిదో కారు అడుక్కోని వస్తి."

గది బయట గడప మీద రెడ్డెప్ప కూర్చుని ఉన్నాడు. అతని చేతుల్లో భార్య సరోజ చెప్పులున్నాయి. ఆమె మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరే కూలి. ఆ ఉదయం పదకొండు గంటలకు, వెనక్కి వస్తున్న లారీకీ గోడకూ మధ్య నలిగింది. ఆసుపత్రిలో ఉన్న ఒక్క ప్యాకెట్టూ ఎక్కించేశారు. ఇంకో రెండు కావాలన్నారు. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర.

నేను ప్రమాదం వార్త కోసం అక్కడికి వెళ్ళినవాణ్ణి. మేస్త్రీ ఫోనులో ఉన్న ఆ రక్తదాతల యాప్ రాసిన మనిషి నాకు తెలుసు. వసారాలోకి వచ్చి ఆయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఏ మునిరత్నం?" అన్నాడు.

"కుప్పం ఆయన. గ్రానైట్ లారీ తోలుతాడంట."

అవతల జాబితా తెరిచి చూస్తున్న కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత చాలా నెమ్మదిగా, "అప్పా, ఇద్దురుండారు. నెగెటివ్ ఆయన పుంగనూరోడు" అన్నాడు.

పుంగనూరు మునిరత్నానికి రోడ్డు పక్కన పశువుల దాణా అంగడి. ఆ రోజంతా అంగట్లోనే ఉన్నాడు. కుప్పం నుంచి పలమనేరు మీదుగా వచ్చిన కారు ఆ అంగడి ముందు నుంచే మదనపల్లెకు వచ్చింది. యాప్ రాసిన ఆయన ఫోన్ చేయగానే ఆ పుంగనూరు మనిషి చేతులకు అంటిన తవుడు కూడా దులుపుకోకుండా బండెక్కాడు. మూడున్నరకు ఆసుపత్రి మెట్లెక్కాడు. అప్పటికి సరోజ ముఖం మీద గుడ్డ కప్పి ఇరవై నిమిషాలైంది.

యాప్ రాసిన ఆయన పోయిన నెల చనిపోయాడు. ఈ నాలుగు మాటలూ ఆయన గురించి. పేరు రాయడం లేదు. మనిషి గురించి చెబుతూ పేరు చెప్పకపోవడం ఆయనకు అస్సలు గిట్టని పని. కానీ ఆయన భార్య, "రాసుకోండి సార్, పేరు మాత్రం ఒద్దు. ఊళ్ళో తలెత్తుకోని తిరగాల్సినోళ్ళం" అంది. ఆమె మాటే నిలబెట్టాను.

మదనపల్లెలో ఒక మందుల అంగడి పైన రెండు గదుల్లో ఆయన కంప్యూటర్ క్లాసులు చెప్పేవాడు. యాభై దాటిన మనిషి. టైపింగు నేర్పడంతో మొదలుపెట్టి, కాలం మారేకొద్దీ తానే నేర్చుకుంటూ, చివరికి సెల్‌ఫోన్ యాప్‌లు రాయడం నేర్పే దాకా వచ్చాడు. జేబులో ఎప్పుడూ పచ్చ సిరా పెన్ను. ఎండాకాలంలోనూ గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. ఎవరు కనబడినా మొదట పేరు అడిగేవాడు. బస్సులో కండక్టరు పేరు, బ్యాంకులో సెక్యూరిటీ ఆయన పేరు, వాన పడి ఒకే అంగడి అరుగు మీద నిలబడాల్సి వస్తే పక్క మనిషి పేరు. అడిగిన పేరు మరిచిపోయేవాడు కాదు.

మనుషులను నెంబర్లతో పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆసుపత్రిలో నెల పైగా ఉండి చనిపోయిందట. ఆ నెల రోజులూ ఆమెను పదకొండు అనే పిలిచారట. "పదకొండుకు గంజి ఇచ్చినారా, పదకొండు లేచిందా. పొయ్యేటప్పుడు కూడా పదకొండు ఖాళీ అయ్యింది అన్యారప్పా" అని నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. చెప్పి, అదేదో వేరేవాళ్ళ సంగతి అన్నట్టు టీ గ్లాసు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

క్లాసు కింద వీధి చివర మేమిద్దరం టిఫిన్ తినే హోటల్లో టోకెన్ల పద్ధతి ఉండేది. "పన్నెండు! పన్నెండో నెంబర్ దోసె!" అని హోటలాయన కేకేస్తే ఈయన కదిలేవాడు కాదు. చేతిలో ఉన్న టోకెను మీద పన్నెండు అనే ఉంటుంది. అయినా కదలడు. దోసె చల్లారిపోయేది. చివరికి హోటలాయనే పేరు పెట్టి పిలిచి, "ఏం సార్, నీతో పాటు నీ దోసెకు గూడా నామకరణం సెయ్యాల్నా?" అనేవాడు. ఈయన నవ్వుతూ లేచి వెళ్ళి తెచ్చుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

ఆయన పాఠం నేను ఒకసారి విన్నాను. పిల్లల చేతికి ఫోన్లు ఇచ్చేవాడు కాదు మొదట. రెండు గదుల మధ్య ఉన్న తలుపు చూపించేవాడు. ఈ గది మొదటి తెర, ఆ గది రెండో తెర. ఈ గదిలో గోడ మీద పేర్ల జాబితా అంటించి ఉంది. ఆ గదిలో ఒక విద్యార్థి ఒక్కొక్కరి వివరాలున్న కాగితాల కట్టతో కూర్చున్నాడు.

"ఈడ ఏం నొక్కినారో ఆ గదికి తెలీదు. గోడకు కండ్లు లేవు. నువ్వు చీటీ రాసి చేతికిచ్చి పంపితేనే దానికి తెలిసేది. ఒక తెర నుంచి ఇంకో తెరకు పోవడం పెద్ద పనేం కాదు, ఎవురైనా పోతారు. ఏం ఎత్తుకోని పోతాండావు అనేదే పని" అన్నాడు.

చీటీ మీద ఏం రాయాలో అడిగితే అందరూ నెంబరు అన్నారు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో నెంబరు ఇచ్చి, ఆ నెంబరునే రెండో తెరకు పంపుతారు. "పరీక్షలో అదే రాయండి. నా పనిలో మాత్రం మనిషి పేరే పోతాది" అన్నాడు ఆయన.

వెనక బెంచీ నుంచి పుష్పలత అనే అమ్మాయి లేచింది. "సార్, ఒకే పేరుతో ఇద్దురుంటే?"

"ఇంటి పేరు గూడా రాస్తాం."

"మా ఊర్లల్లో ఇంటి పేర్లు ఎవురు సెప్తారు సార్? మా వీధిలోనే ముగ్గురు మునెప్పలుండారు."

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "అయితే ముగ్గురినీ పిలిచి కాఫీ పోద్దాం కూర్చో" అన్నాడు.

రక్తదాతల యాప్ ఆయన ఎవరూ అడగకుండానే రాశాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, క్యాంపుల్లో పేర్లిచ్చినవాళ్ళను కలిసి జాబితా తయారుచేశాడు. కొండల పక్కన సిగ్నల్ ఉండదని, నెట్ లేకపోయినా పనిచేసేట్టు ఆ జాబితా మొత్తం యాప్‌లోనే పెట్టేశాడు. అందరూ దించుకునే ప్లే స్టోర్లో పెట్టలేదు. ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు చేతులు మారేట్టు ఇచ్చాడు. మొదటి తెర మీద రక్తం రకం నొక్కితే పేర్లొస్తాయి. పేరు నొక్కితే రెండో తెర మీద ఊరు, ఫోన్ నెంబరు. రకం ముందే నొక్కారు కాబట్టి రెండో తెర మీద అది మళ్ళీ కనబడదు. జాబితాలో ఇంటి పేరు కోసం గడి ఉంచాడు. అందులో దాదాపు ఎవరూ ఏమీ రాయలేదు.

దాని మీద మా పత్రికలో ఫొటోతో సహా వార్త రాసింది నేనే. 'ఆపదలో పేరు పెట్టి పిలిచే యాప్' అని శీర్షిక పెట్టాను. ఆ రోజు నుంచి చాలామంది ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి ఫోన్లలో వేయించుకున్నారు. వాళ్ళు వేరేవాళ్ళకు పంపారు. మండీ మేస్త్రీకి ఎవరు పంపారో ఆయనకే గుర్తు లేదు.

సరోజ చనిపోయిన మర్నాడు యాప్ రాసిన ఆయన మా ఇంటికొచ్చాడు. కూర్చోకుండానే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాడు. మొదటి తెర 'మునిరత్నం' అనే పేరు పట్టుకుని రెండో తెరకు పోతుంది. రెండో తెర జాబితాలో ఆ పేరు వెతికి, మొదట దొరికిన మనిషిని చూపిస్తుంది. కుప్పం మునిరత్నం ముందు చేరాడు. పుంగనూరు మునిరత్నం తర్వాత చేరాడు. అంతే జరిగింది.

"తెలియక సేసినా అంటే ఒక ఓదార్పప్పా. నాకు తెలుసు. ఆ పిల్ల గూడా సెప్పింది. నవ్వితి" అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత రెడ్డెప్ప ఇంటికి వెళ్దామని తోడు రమ్మన్నాడు. వద్దని చెప్పి చూశాను. తప్పు ఎవరిదో రెడ్డెప్పకు తెలియదు. లారీది అనుకుంటున్నాడు. అలాగే ఉండనివ్వమన్నాను. "ఆయమ్మ మొగునికి తెలియకుండా నాకు మాత్రం తెలిసుంటే ఎట్లప్పా?" అన్నాడు.

మదనపల్లెకు దగ్గర్లోనే పల్లె. రెడ్డెప్ప ఆవుకు గడ్డి వేసి వచ్చి, చేతులు కడుక్కుని మా ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలు బడికి పోయి ఉన్నారు. ఈయన జేబులోంచి రెండు చీటీలు తీశాడు. రెండిటి మీదా పచ్చ సిరాతో మునిరత్నం అని రాసి ఉంది. వాటిని నేల మీద పెట్టి, క్లాసులో చెప్పినట్టే, ఈ గది నుంచి ఆ గదికి పోవడం గురించి అంతా చెప్పాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. దానికే నాకు భయమేసింది.

రెడ్డెప్ప ఆ చీటీలను వేలితో పక్కపక్కకు జరిపాడు.

"అయితే ఈ కాయితాల మీద నెంబర్ ఏసింటే సరిపొయ్యేదా సార్?"

"సరిపొయ్యేది."

"ఒకటి, రెండు అని?"

"ఔను."

"అంతేనా?"

"అంతే."

రెడ్డెప్ప ఏడుస్తాడనుకున్నాను, లేదా తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. ఆ చీటీలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి ఈయన చేతిలో పెట్టాడు. "ఇంగెవురికీ సెప్పొద్దు సార్. నా పిల్లోళ్ళకు అసలు సెప్పొద్దు. లారీ అనుకుంటాండారు. లారీ అయితే పెద్దది గదా" అన్నాడు. మజ్జిగ తాగి పొమ్మని కూడా అన్నాడు. మేం తాగాం.

తిరిగొస్తూ దారిలో ఈయన నన్ను ఒకటే అడిగాడు. "పత్రికలో నాలుగు లైన్లు ఎయ్యప్పా. ఆ యాప్ ఎవురూ వాడొద్దు, తీసెయ్యండి అని."

నేను ఆఫీసులో అడిగాను. మనిషి చనిపోయిన వ్యవహారం, ఆయన తప్పు ఆయనే ఒప్పుకుంటే రేపు కేసయితే మనల్ని కూడా లాగుతారు, పొగిడి రాసిందీ మనమే కదా అన్నారు. నేను ఇంకోసారి అడగలేదు. నా ఉద్యోగ విరమణకు అప్పుడు ఏడాదిలోపే ఉంది. ఆయనకు మాత్రం, చూస్తున్నారులే సార్ అని రెండు నెలలు చెప్పాను. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు.

క్లాసు మూసేశాడు. సరిచేసిన యాప్ తయారుచేశాడు గానీ, పాతది ఎవరెవరి ఫోన్లలో ఉందో తెలియదు, దాన్ని దూరం నుంచి మార్చే దారీ లేదు. చేతుల మీదుగా పోయింది చేతుల మీదుగానే తిరిగి రావాలి. తన దగ్గరున్న నెంబర్లన్నిటికీ మెసేజ్ పెట్టాడు. కొందరు దండం బొమ్మ పంపారు. యాప్ తీసింది ఎంతమందో తెలియలేదు. అందుకని బస్సెక్కడం మొదలుపెట్టాడు.

వారంలో నాలుగు రోజులు మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగేవాడు. ఫోను అడిగి తీసుకుని, పాతది తీసి కొత్తది వేసి, "నువ్వు ఎవురికి పంపినావు?" అని అడిగేవాడు. ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పేవాళ్ళు. పని చేసేకొద్దీ పని పెరిగింది.

రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. పుంగనూరులో ఒక టైలరు ఫోను ఇస్తూ, "యాప్ ఏస్తాం అని వచ్చినోళ్ళను సూసినా గానీ, తీసేస్తాం అని వచ్చినోడివి నువ్వొక్కడివే సామీ" అన్నాడు. కుప్పంలో ఒక కూరగాయల వ్యాపారి ఫోను ఇవ్వలేదు. "ఫోన్ ఇయ్యమంటావు, ఎనక ఓటీపీ సెప్పమంటావు. మొన్ననే మా బామ్మర్ది పోగొట్టుకున్యాడు. పోతావా, పోలీసుల్ని పిలవమంటావా?" అని నలుగురిని పోగేశాడు. ఈయన ఆ వ్యాపారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, అంతా చెప్పాడు. మునిరత్నాలు, చీటీ, సరోజ, అన్నీ. వ్యాపారి విని, "మనిషిని సంపినానంటాండావు, ఇంగ నా ఫోన్ నీ చేతికి యాల ఇస్తానప్పా?" అన్నాడు. ఈయన మళ్ళీ వస్తానని చెప్పి బస్టాండుకు నడిచాడు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఇద్దరం పాత హోటల్లో కూర్చున్నాం. "తొమ్మిది!" అని హోటలాయన కేకేశాడో లేదో, ఈయన లేచి వెళ్ళి ప్లేటు తెచ్చుకున్నాడు. హోటలాయన నా వైపు చూశాడు. నేను తల వంచుకుని తిన్నాను. తర్వాత గమనించాను, ఆయన ఎవరి పేరూ అడగడం లేదు. నా ఫోనులో యాప్ మార్చిన రోజు, నోటు పుస్తకం తెరిచి, "నీది ముప్పై ఒకటి" అని పచ్చ సిరాతో టిక్కు పెట్టుకున్నాడు.

పోయిన నెల పుంగనూరు బస్టాండులో, కుప్పం వైపు పోయే బస్సు కోసం కూర్చున్న బల్ల మీదే పక్కకు ఒరిగిపోయాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. బస్సు వచ్చి పోయింది. దాణా అంగడి మునిరత్నం అటుగా పోతూ గుర్తుపట్టాడు.

నోటు పుస్తకాన్ని ఆయన భార్య నాకిచ్చింది. మూడు భాగాలు, మూడు ఊళ్ళ పేర్లు. వాటి కింద అన్నీ నెంబర్లే. ఒక్క మనిషి పేరు లేదు. నూట పన్నెండు నెంబర్లలో తొంభై ఎనిమిదికి టిక్కు ఉంది. పద్నాలుగింటికి లేదు. వాటిలో తొమ్మిది కుప్పం కింద ఉన్నాయి. ఏ నెంబరు ఎవరిదో ఆయన ఫోనులో రాసుకున్నాడట. ఆ ఫోనుకు తాళం ఉంది. తెరవడానికి ఏం చెయ్యాలన్నా లోపలున్నది మొత్తం పోతుందని రిపేరు అంగడాయన చెప్పాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పుష్పలత ఒక ఆదివారం వచ్చి ఆయన కంప్యూటరంతా వెతికింది. సరిచేసిన యాప్ ఉంది. రెండో తెరకు నెంబరే పోతోంది. "పేరు ఎక్కడా పంపలేదు సార్" అని కంప్యూటర్ మూసేసింది. మనుషుల జాబితా అందులో దొరకలేదు. ఇన్ని నెంబర్లలో నాకు తెలిసింది ముప్పై ఒకటి ఒక్కటే.

కుప్పం మునిరత్నం ఇప్పుడు తన లారీలో స్టీరింగు పక్కన పుంగనూరు మునిరత్నం ఫోన్ నెంబరు రాసి అంటించుకున్నాడు. పాత యాప్ ఇంకా తీయనివాళ్ళు ఎవరైనా ఓ నెగెటివ్ కావాలని ఫోన్ చేస్తే, "నేను కాదప్పా, ఆయప్ప" అని ఆ నెంబరు చెబుతాడు. ఇప్పటికి రెండు ఫోన్లు అలా వచ్చాయట. మూడోది వచ్చినప్పుడు ఆయన క్వారీ గుంతలో ఉన్నాడు. అక్కడ సిగ్నల్ ఉండదు. పైకొచ్చాక ఒకే నెంబరు నుంచి ఐదుసార్లు ఫోన్ చేసినట్టు మెసేజ్ ఉంది. వెంటనే చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్. ఆ నెంబరు నాకూ ఇచ్చాడు. నేనూ రోజూ చేస్తున్నాను. ఎవరిదో ఇంకా తెలియలేదు.